ట్రూడెల్ నిద్ర

ఎవాల్డ్ రూప్‌కి విమానాల గోల పట్టేది కాదు. అది ఓర్పు అనుకునేరు, కాదు, చెవుడు. రైలు పెట్టెలు చేసే కార్ఖానాలో జీవితమంతా ఇనప రేకులకి రివెట్లు కొట్టిన మనిషి. సన్నటి చప్పుళ్లన్నీ అతని చెవుల్ని వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయాయి. పాలు పొంగినా, తలుపు కొట్టినా, భార్య పక్కగదిలోంచి పిలిచినా తెలిసేది కాదు. ఉరుము లాంటిదైతే తెలిసేది, అదీ ఎవరో గుండెల మీద చెయ్యి వేసి అదిమినట్టు. అలాంటివాడు జర్మనీలోని మా రోడెన్‌హైమ్‌లో విమానాల మీద కాలు దువ్విన వాళ్లందరిలోకీ ముందు వరసలో నిలబడ్డాడంటే జనం నవ్వరూ?

నవ్వారు. సోమవారం సాయంత్రమైతే చాలు, మా ఊరివాళ్లు గుంపుగా లోకల్ రైలెక్కి విమానాశ్రయానికే పోయేవాళ్లు. ప్రయాణానికి కాదు. సామాన్లు తోసుకుంటూ సెలవులకు పోయే జనం మధ్యలో నిలబడి, ఈలలు ఊది, డప్పులు కొట్టి, "మా నిద్ర మాకివ్వండి" అని గొంతులు పోయేలా అరిచి, మళ్లీ అదే రైల్లో ఇంటికొచ్చి సూప్ తాగి పడుకోవడం. వానొచ్చినా మంచు కురిసినా సోమవారం తప్పేది కాదు. కాపలా పోలీసులు కూడా పేరు పెట్టి పలకరించే దాకా వచ్చింది వ్యవహారం. ఎవాల్డ్ బంగాళాదుంపలు ఉడికించే పెద్ద గిన్నె మూత, ఒక చెక్క గరిటె పట్టుకొచ్చేవాడు. ఎంత గట్టిగా వాయిస్తున్నాడో తనకే తెలియదు కాబట్టి పక్కనున్నవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు.

"ఒరేయ్, ఆ మూత ఇటివ్వరా బాబూ, నీకు దణ్ణం పెడతా!" అనేవాడు లోథార్. చిన్నప్పటి స్నేహితుడు, పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. "నీ నెత్తి మీద విమానం దిగినా నీకు తెలీదు కదా, నీకెందుకురా ఈ బాధ?"

"నాకోసం ఎవడొచ్చాడ్రా? మా ట్రూడెల్ కోసం."

ఆ మాట అన్నాక లోథార్ మరి నవ్వేవాడు కాదు. ట్రూడెల్ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

ఎవాల్డ్ భార్య, పూర్తి పేరు హిల్ట్రూడ్. మైన్ నది మీద పడవ దాటించేవాడి కూతురు. పెళ్లికి ముందు ఎవాల్డ్ పనికి పోతూ రోజూ ఆ పడవే ఎక్కేవాడు. పడవ అంచున తాళ్ల కుప్ప మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లని చూసి మనసు పారేసుకున్నానని అతనే చెప్పేవాడు. ట్రూడెల్‌కి నిద్రంటే అంత ప్రాణం. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్ర. చర్చిలో నిద్ర, రైల్లో నిద్ర, పెళ్లి విందులో పెళ్లికూతురు కుర్చీలోనే ఒక కునుకు. పిల్లలు పుట్టలేదు, ఆ దిగులుతో ఏడ్చిన రోజుల్లో కూడా ఏడుస్తూ ఏడుస్తూనే నిద్రపోయేది. ఆదివారం పొద్దెక్కేదాకా లేవకపోతే ఎవాల్డ్ కాఫీ కాచి మంచం పక్కన పెట్టి, ఆ వాసనకి ఆమె ముక్కు కదలడం చూస్తూ కూర్చునేవాడు. అతనికి చెవులు లేని లోటు అక్కడ తెలిసేది కాదు.

అలాంటి మనిషికి, ముసలితనం మొదలైన వేళ, ఊరి నెత్తి మీద కొత్త రన్‌వే దారి వచ్చి పడింది.

తూర్పుగాలి వీచే రోజుల్లో దిగే విమానాలన్నీ మా మీదుగానే దిగుతాయి. ఎంత కిందికంటే, చక్రాలు కనబడతాయి, చక్రాల మీద బురద కనబడుతుంది. ఒకటి పోయి ఆ గాలి సద్దుమణిగేలోగా ఇంకొకటి. వాటి వెనకాల సుడి తిరిగే గాలికి నలుగురైదుగురి ఇళ్ల మీద పెంకులు లేచి వీధిలో పడ్డాయి కూడా. ఊరంతా పొద్దున లేచి ముందు కాలెండరు కాదు, చర్చి గోపురం మీద గాలివాటు చూపే రేకు కోడి ఎటు తిరిగిందో చూడ్డం నేర్చుకుంది. పడమటిగాలి అయితే బతికాం. తూర్పుగాలి అయితే ఆ పూట ఒకరి మీద ఒకరు విసుక్కోవడమే.

ట్రూడెల్‌కి నిద్ర పోయింది. మొదట రాత్రిళ్లు, తర్వాత మధ్యాహ్నాలు, చివరికి కళ్లు మూసుకోవడమంటేనే భయం. ఎవాల్డ్‌కి చప్పుడు వినబడదు, కానీ ఆమె భుజాలు కనబడతాయి. విమానం రాకముందే ఆ భుజాలు చెవుల దాకా లేచేవి, పోయాక కూడా దిగేవి కాదు. అల్మారాలో పింగాణీ కప్పులు వణికితే, అవి వణికినంతసేపూ ఆమె చేతులూ వణికేవి. మనిషి సగమైపోయింది. గుండె లయ తప్పుతోందని మందులు మొదలయ్యాయి. "మందులు నేనివ్వగలను. నిద్ర నేనివ్వలేను. అది లేకపోతే ఈ గుండె ఎన్నాళ్లో నిలవదు," అని డాక్టరు ఎవాల్డ్‌ని పక్కకి పిలిచి, అతనికి వినబడేలా అరిచి చెప్పాడు. పక్కకి పిలిచి ఏం లాభం, బయట కూర్చున్న ట్రూడెల్ కూడా వింది.

ఆ రోజు నుంచి ఎవాల్డ్‌కి బతుకులో ఒకటే పని. ఆమె నిద్రపోవాలి.

నగరసభ మాత్రం చేతులు ముడుచుకు కూర్చుందా అంటే, లేదు పాపం. కోర్టుకెక్కింది. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు దాకా విమానాలు ఎగరకూడదనే తీర్పు చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి సాధించుకున్నాయి. ఆ రాత్రి ఊళ్లో ద్రాక్షసారా ఏరై పారింది. అయితే జరిగిందేమిటి? రాత్రి ఎగరాల్సినవన్నీ సాయంత్రం చివర్లోనూ, ఐదు కొట్టీ కొట్టగానేనూ తోసుకుంటూ వచ్చి పడ్డాయి. పెంకులు లేవకుండా ఇనప కొక్కేలు వేయించారు. చివరికి, గోల తగ్గదని తేలిపోయాక, గోల లోపలికి రాకుండా చేద్దామన్నారు. గోల ఎక్కువున్న చోటని మ్యాపు మీద గీసిన గీత లోపల పడిన ఇళ్లకి, పడకగదులకీ ముందుగదులకీ మందపాటి మూడు పొరల అద్దాల కిటికీలు, ఉచితంగా.

గీత అన్నాను చూశారా, అక్కడే ఉంది తిరకాసు. ఏ ఇల్లు గీత లోపల, ఏది బయట అని తేల్చడానికి నగరసభ వాళ్లు చప్పుడు కొలిచే యంత్రం ఒకటి వ్యానుకి తగిలించి వీధి వీధికీ పంపారు. ఎవాల్డ్ వీధికి ఆ వ్యాను వచ్చిన వారమంతా పడమటిగాలి. ఒక్క విమానం రాలేదు. చెట్లూ, పావురాలూ, అంతే.

"చప్పుడు వినడానికొచ్చిన యంత్రం హాయిగా నిద్రపోయి వెళ్లింది," అంది ట్రూడెల్. "అది పెట్టిపుట్టింది."

వీధి గీతకి బయట పడింది. ఎవాల్డ్ ఒంటికాలి మీద లేచాడు. నగరసభకి పోయి, గోల సంగతులు చూసే ఆఫీసరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. మాట్లాడ్డానికి కాదు. ఆమె ఏం చెప్పినా అతనికి సగమే వినబడుతుంది. ఊరికే కూర్చున్నాడు, రొట్టె, సాసేజి తెచ్చుకుని. మర్నాడూ కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆఫీసరమ్మ మంచిదే, మొదట నచ్చజెప్పింది, తర్వాత విసుక్కుంది, చివరికి నవ్వి, "మీరు ఇంటికి పదండి రూప్ గారూ, తూర్పుగాలి రాగానే వ్యాను నేనే మీ వాకిట్లో పెట్టిస్తా," అంది. అన్నట్టే పెట్టించింది. ఈసారి యంత్రం నిద్రపోలేదు.

ఆ వసంతంలో కిటికీలొచ్చాయి. ఇద్దరు మనుషులు ఒక్కో అద్దాన్ని మోయలేక మోసుకొచ్చి బిగించి, చుట్టూ రబ్బరు అంచులు నొక్కి, సందుల్లో నురగ కూరి, చేతులు దులుపుకున్నారు. ఎవాల్డ్ కిటికీ కంటే ముందు ట్రూడెల్‌ని చూశాడు. బయట ఆకాశంలో పెద్దదొకటి దిగుతోంది. చక్రాలు కనబడుతున్నాయి. ట్రూడెల్ భుజాలు లేవబోయాయి. సగంలో ఆగాయి.

"ఏమే? ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె సోఫాలో కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. అతను కంగారుపడి చేతులు లాగి చూస్తే, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఏం లేదయ్యా," అంది, అతనికి తెలిసేలా పెదవులు పెద్దగా కదిపి. "ఏమీ లేదు. గడియారం వినబడుతోంది."

ఆ మధ్యాహ్నం ఆమె బట్టలు కూడా మార్చుకోకుండా సోఫాలోనే పడి చీకటి పడేదాకా నిద్రపోయింది. ఎవాల్డ్ బూట్లు విప్పేసి కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. ఈ నిశ్శబ్దం తను తెచ్చింది, తనకి వినబడనిది. అయినా అతను అంత సంతోషంగా ఆ ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదు.

అయితే ఒక్కటి మిగిలింది. కిటికీలు బిగుసుకుపోయాయి కాబట్టి లోపలికి మంచి గాలి రావడానికి ఒక్కో గదిలో గోడకి చిన్న గాలిపెట్టె పెట్టారు. లోపల చిన్న ఫ్యాను, నిశ్శబ్దంగా తిరిగేది. ఎవరికి నిశ్శబ్దమో గానీ, ట్రూడెల్‌కి కాదు. ఏళ్ల తరబడి చప్పుడుకి బెదిరిన చెవులవి. పెద్ద గోల పోయాక చిన్న గోల పెద్దదైంది.

"దోమ," అంది. "గోడలో దోమ ఉన్నట్టుందయ్యా. పడుకోగానే మొదలెడుతుంది."

ఎవాల్డ్‌కి దోమా లేదు, ఏనుగూ లేదు. కానీ ఆమెకి ఉందంటే ఉన్నట్టే. ఫ్యాను స్విచ్చి తీసేశాడు. అప్పుడు ఆ బొక్కలోంచి బయటి గోల కొంచెం వస్తోందంది. తన పాత పని కోటు కత్తిరించి, ఉన్ని గుడ్డ ముక్కలు ఆ పెట్టెల్లో కుక్కి, పైన వెడల్పాటి టేపు అంటించాడు. రివెట్లు కొట్టిన చెయ్యి కదా, పని గట్టిగా చేశాడు. "ఇప్పుడో?" అన్నాడు. ఆమె తల ఒరిగించి విని, "ఇప్పుడేం లేదు," అంది.

మా వాళ్లకి గాలి పిచ్చి. మంచు కురుస్తున్నా పొద్దున్నా సాయంత్రం కిటికీలన్నీ బార్లా తెరిచి, దుప్పట్లు కిటికీ అంచుల మీద వేలాడేసి, ఇల్లంతా గడ్డకట్టేలా గాలి పట్టిస్తే గానీ ఇల్లు ఇల్లనిపించదు. ట్రూడెల్ కూడా జీవితమంతా అలాగే చేసింది. ఎవాల్డ్ ఇప్పుడు తెరవనిచ్చేవాడు కాదు. కిటికీ దగ్గరికి వెళితే చాలు, "మళ్లీ ఆ గోల లోపలికి తెస్తావా? ఎంత కష్టపడితే వచ్చిందో ఇది!" అని అడ్డం నిలబడేవాడు. నిశ్శబ్దమేదో డబ్బాలో పోసి మూత పెట్టిన తేనె అయినట్టు. ఇల్లు ముక్కవాసన వేస్తోందని ఆమె సణిగేది. సణుగుతూనే నిద్రపోయేది. బుగ్గలు నిండాయి. గుండె కూడా కుదుటపడిందని డాక్టరే ఆశ్చర్యపోయాడు. ఇంక ఆ మనిషికి ఎవరేం చెబితే వింటాడు?

చెప్పిన మనిషి ఒకతె ఉంది. పొగగొట్టాలు ఊడ్చే పిల్ల, స్వెన్యా. మా దగ్గర ప్రతి ఇంటి పొగగొట్టానికీ ఏడాదికోసారి తనిఖీ తప్పదు. నల్ల కోటు, దానికి బంగారు రంగు గుండీలు. ఆ గుండీ ముట్టుకుంటే అదృష్టమని మా నమ్మకం. వేసవి చివర్లో ఆ పిల్ల రాగానే ట్రూడెల్ ఎప్పటిలాగే గుండీ ముట్టుకుంది. స్వెన్యా నవ్వి, కొత్త కిటికీలు చూసి నవ్వు ఆపింది.

ముందుగదిలో ఆకుపచ్చ పింగాణీ పలకల పొయ్యి ఉంది. కట్టెలతో మండేది. ఆ ఇంటి కింది వాటాకి వేడి అదొక్కటే. స్వెన్యా దాని తలుపు తీసి చూసి, వంటింట్లోకి వెళ్లి వంటపొయ్యి మీదున్న పొగ లాగే ఫ్యాను చూసి, తిరిగొచ్చి గాలిపెట్టె మీది టేపు చూసింది.

"ఇదెవరు మూశారు?"

"నేనే," అన్నాడు ఎవాల్డ్ గర్వంగా.

"తీసెయ్యండి రూప్ గారూ." ఆ పిల్ల అతని మొహానికి ఎదురుగా వచ్చి, మాట మాటా విడదీసి చెప్పింది. "పొయ్యి మండాలంటే గాలి కావాలి. ఇన్నాళ్లూ మీ పాత కిటికీల సందుల్లోంచి వచ్చేది. ఇప్పుడు రాదు. దానికి తోడు వంటింటి ఫ్యాను గదిలో ఉన్న కాస్త గాలినీ బయటికి లాగేస్తుంది. అప్పుడు పైకి పోవాల్సిన పొగ గొట్టంలోంచి వెనక్కి దిగుతుంది. దాంట్లో విషం ఉంటుంది, వాసన రాదు, కంటికి కనబడదు. తెలుస్తోందా?"

"తెలుస్తోందమ్మాయ్, తెలుస్తోంది. చెవుడే గానీ తెలివి ఉంది."

"చలి మొదలవ్వగానే వచ్చి కొలుస్తాను. గోడకి గాలికన్నం పెట్టాల్సి రావచ్చు. నేనొచ్చేదాకా పొయ్యి ముట్టించొద్దు. ఆంటీ, మీరైనా చెప్పండి."

గాలికన్నం! ఆ ఒక్క మాట విన్నాక ఎవాల్డ్ మిగతాదేం వినలేదు. బెంచీ మీద అన్ని రోజులు కూర్చుని, గిన్నె మూత సొట్టలు పోయేలా వాయించి, ఊరంతా నవ్వితే నవ్వించుకుని తెచ్చిన కిటికీలు ఇవి. వాటి పక్కన గోడకి కన్నం పెడతారట! ఆ పిల్ల గేటు దాటకముందే అతని మనసు మూసుకుపోయింది. టేపు అలాగే ఉంది. అతని మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది? నాకూ వస్తుంది. కానీ ఆ కన్నంలోంచి అతనికి కనబడింది గాలి కాదు, మళ్లీ చెవుల దాకా లేచే ట్రూడెల్ భుజాలు.

అక్టోబరులో ఉన్నట్టుండి చలి దిగింది. నది మీద నుంచి పొగమంచు లేచి రోజంతా కదలకుండా ఊరి మీద కూర్చుంది. తూర్పుగాలి, సన్నగా. స్వెన్యా గురువారం వస్తానని కబురు పంపింది. ఆ రోజు సోమవారం.

ట్రూడెల్ ఉల్లిపాయలు, పంది కొవ్వు వేయించి సూప్ పెట్టింది. ఆ వాసన ఇల్లంతా పట్టకుండా వంటింటి ఫ్యాను వేసింది. కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయని శాలువా కప్పుకుని సోఫాలో ముడుచుకుంది. ఎవాల్డ్ కట్టెలు తెచ్చాడు.

"ఆ పిల్ల వద్దంది కదయ్యా?"

"నాలుగు చెక్కలు వేస్తే ఏమవుతుందే! మన పెళ్లినాటి నుంచీ మండుతోంది ఈ పొయ్యి. ఎప్పుడైనా దగ్గావా నువ్వు?"

"దగ్గలేదు గానీ..."

"గురువారం వచ్చి ఎలాగూ గోడ పొడుస్తుంది. ఈలోగా రెండు రోజులైనా వెచ్చగా పడుకో."

పొయ్యి అంటుకుంది. కట్టెలు ఎర్రబారేదాకా ఉండి, తలుపు మూసి, కోటు వేసుకుని, మూతా గరిటే చంకలో పెట్టుకున్నాడు. వంటింటి ఫ్యాను ఆపనా అని సైగ చేశాడు. ఉండనీ, ఇంకా వాసన పోలేదు, అని ఆమె చెయ్యి ఊపింది. అప్పటికే కళ్లు మూతలు పడుతున్నాయి. "సోమవారం నాకు పండగ," అందట ఒకసారి పై వాటా ఆనెలీజతో. "ఆయన అక్కడ మోగిస్తుంటాడు, నేనిక్కడ పడుకుంటా."

ఆ సాయంత్రం విమానాశ్రయంలో ఎవాల్డ్ ఎప్పటికంటే ఉత్సాహంగా ఉన్నాడు. తిరుగు రైల్లో లోథార్‌తో, "నువ్వు నమ్మవు గానీ, మా ఆవిడ మళ్లీ గురక పెడుతోందిరా," అన్నాడు.

"నీకెలా తెలుసురా చెవిటాడా?"

"చెయ్యేసి చూస్తా. వీపు మీద." అతను నవ్వాడు. "ఇంజను వెచ్చగా నడుస్తున్నట్టుంటుంది."

ఇంటికొచ్చి బూట్లు గుమ్మం బయటే విప్పాడు. ముందుగది వెచ్చగా ఉంది. పొయ్యి లోపల నిప్పు మందకొడిగా, నీలంగా ఉంది. ట్రూడెల్ సోఫాలో అలాగే, శాలువాలో, మొహం దిండులోకి కొంచెం తిప్పుకుని పడుకుంది. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. పడవలో తాళ్ల కుప్ప మీద చూసిన పిల్ల బుగ్గలు. ఇంత రంగు ఆమెకి ఎన్నేళ్లకి వచ్చిందో! ఎవాల్డ్‌కి కడుపు నిండిపోయింది. దీపం తగ్గించాడు. చెయ్యేసి చూద్దామనుకుని, లేస్తుందేమోనని మానేసి, కుర్చీ దగ్గరగా లాక్కోకుండా ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

కొంతసేపటికి గుమ్మం మీది ఎర్రదీపం వెలిగి ఆరింది. ఎవరైనా గంట నొక్కితే వెలిగేలా పెట్టుకున్న దీపం అది. లేచేసరికి తల దిమ్ముగా తిరిగింది. తలుపు సందుగా తీస్తే ఆనెలీజ. పై వాటాలో ఒంటరిగా ఉండే వితంతువు, అప్పు తీసుకున్న కేకు పళ్లెం తిరిగివ్వడానికొచ్చింది.

"ట్రూడెల్ ఏం చేస్తోంది? ఈ ప్లమ్ కేకు..."

"ష్‌ష్!" ఎవాల్డ్ వేలు పెదవుల మీద పెట్టాడు. "పడుకుంది. నేను వెళ్లేటప్పుడు పడుకున్న మనిషి, ఇంకా లేవలేదు. చూడు, ఎలా పడుకుందో!" అని సందు కాస్త పెద్దది చేసి, కొత్తగా పుట్టిన బిడ్డని చూపించినట్టు చూపించాడు.

ఆనెలీజ తొంగి చూసి నవ్వింది. "అదృష్టవంతురాలు. మీకేమైంది ఎవాల్డ్, కళ్లు అలా ఉన్నాయి?"

"ఏం లేదు. అక్కడ మోగించి మోగించి తలనొప్పి. రేపు రా." తలుపు మూసుకున్నాడు.

ఆమె మెట్లెక్కింది. సగం మెట్లు ఎక్కాక ఆమె కాళ్ల కింద చెక్క అదిరింది, లోపల ఏదో బరువుగా పడినట్టు. వెనక్కి దిగింది. గంట నొక్కింది, ఎర్రదీపం ఎన్నిసార్లు వెలిగిందో ఏమో, ఎవరూ రాలేదు. తాళంచెవి ట్రూడెల్ ఆమె దగ్గర ఒకటి ఉంచింది. తలుపు తోస్తే గుమ్మానికి అడ్డంగా ఎవాల్డ్ పడి ఉన్నాడు, వాంతి చేసుకుని. ఆనెలీజ అతన్ని చంకల కింద పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చింది. ట్రూడెల్‌ని పిలిచింది, అరిచింది, పళ్లెం గోడకేసి కొట్టింది కూడా. అరిచి లేపడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

ఆమె ఫోను చేస్తే వచ్చిన అగ్నిమాపక దళం మా ఊళ్లో కుర్రాళ్లే. ముసుగులు తగిలించుకుని లోపలికి పోయారు. ముందు చేసిన పని కిటికీలు. కొత్త కిటికీల పిడి వాళ్లకి తిరగలేదు, ఒకడు గొడ్డలితో కొట్టాడు. మూడు పొరలు కదా, ఒక్క దెబ్బకి పగల్లేదు. పగిలాక ఆ పొగమంచూ, ఆ చలీ, ఊళ్లో గాలంతా ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చింది.

ఎవాల్డ్ మెట్ల మీద గోడకి ఆనుకుని ఉన్నాడు, మొహానికి ఆక్సిజన్ గొట్టం. కళ్లు తెరిచాడు. తెరిచి ఉన్న తలుపులోంచి సోఫా కొస కనబడుతోంది, శాలువా కనబడుతోంది, దాని మీదికి వంగిన వీపులు కనబడుతున్నాయి. వాళ్లు తొందరపడటం మానేశారు. ఆనెలీజ అతని పక్కన మెట్టు మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుని ఉంది.

పదకొండు కాలేదింకా. తూర్పుగాలి. పైన ఒక పెద్దది దిగుతోంది. పగిలిన కిటికీలోంచి ఆ గోల లోపలికి వచ్చి, మెట్ల దాకా వచ్చి, ఎవాల్డ్ గుండెల మీద చెయ్యి వేసి అదిమింది. అల్మారాలో కప్పులు మోగాయి. అతను గొట్టం పక్కకి లాగేశాడు.

"కిటికీ," అన్నాడు. "ఎవడ్రా కిటికీ తీసింది? మూయండి. లేస్తుంది."

గుమ్మంలో ఉన్న కుర్రాడు ముసుగు తీసి చేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు.

"మూయండయ్యా, మీకు దణ్ణం పెడతా. ఇప్పుడే పడుకుంది."

ఆనెలీజ అతని చెవి దగ్గర వంగింది. "మూసేశారు," అంది. అతనికి వినబడలేదు. "మూసేశార్లెండి!" అంది ఇంకాస్త గట్టిగా. అతను ఆమె వంక అర్థంకానట్టు చూస్తున్నాడు. అప్పుడామె ఊపిరంతా కూడదీసుకుని, ఆ ఇల్లంతా, ఆ వీధంతా వినబడేలా, ఏడుస్తూ అరిచింది. "మూసేశారు ఎవాల్డ్! హాయిగా పడుకుంది!"

ఎవాల్డ్ ఉలిక్కిపడి ఆమె నోటి మీద చెయ్యి పెట్టాడు.

"మెల్లగా," అన్నాడు.